ఒండ్రు, ఉప్పెన, పొగ: తెలుగు రేవుల కథ

నిజామాబాదు జిల్లా కందకుర్తి వద్ద మంజీర వచ్చి గోదావరిలో కలుస్తున్నది. హరిద్ర అనే చిన్న నది కూడ అక్కడనే చేరుతుంది గనుక ఆ చోటును త్రివేణీ సంగమమంటారు. వానకాలంలో ఆ రేవు మెట్లమీద నిలబడి ఒక చెంబెడు నీళ్ళు ముంచితే అడుగున వేలెడు మందాన మన్ను పేరుకొంటుంది. మా ఇంటర్మీడియెట్ విద్యార్థులను ఒకసారి అక్కడికి తీసికొనిపోయినప్పుడు మాటలలో విశాఖపట్నం రేవు ప్రస్తావన వచ్చింది. ఒక పిల్లవాడు లేచి, "సార్, మనకు సముద్రమే లేదు గద! రేవుల ముచ్చట మనకెందుకు?" అన్నాడు.

ప్రశ్న సబబైనదే. బోధన్ చెరకు పొలాలకూ బందరు సముద్రానికీ మధ్య రోడ్డుమీద అయిదువందల కిలోమీటర్ల పైమాటే. కాని ఆ చెంబులోని మన్ను బయలుదేరినది సముద్రానికే. అది దారిలో ఎక్కడ ఆగినది, ఆగకుండ సముద్రం చేరినప్పుడు అక్కడ ఏమి చేసినది అనే సంగతి విచారిస్తే తెలుగు రేవుల చరిత్రలో సగం తెలుస్తుంది. మిగిలిన సగంలో కొంత ఉప్పెనలది, కొంత పొగది. ఈ మూడింటిలో పొగ అన్నిటికంటె చిన్నది, నిన్న మొన్న పుట్టినది. అయినా ఇప్పుడు మొదటి రెండింటి లెక్కను అదే మార్చివేస్తున్నది.

కోరంగి

గోదావరి గౌతమీశాఖ సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా, యానాం పక్కన, కోరంగి అనే గ్రామం ఉన్నది. ఈనాడు ఆ పేరు వింటే మడఅడవులూ, వాటిని చూడవచ్చే యాత్రికులూ గుర్తుకు వస్తారు. పద్ధెనిమిదవ శతాబ్దంలో అది ఓడలు కట్టే ఊరు. బంగాళాఖాతపు పడమటి గట్టున పెద్ద ఓడలు మరమ్మతు చేయించుకొనగల కొద్ది చోట్లలో అది ఒకటి. అక్కడ ఓడెక్కి బర్మాకు వలసపోయిన తెలుగువారిని ఆ దేశంలో "కోరంగీలు" అని పిలిచేవారంటే ఆ రేవు పేరు ఎంత దూరం పాకినదో ఊహించవచ్చు.

ఆ రేవును మొదట దెబ్బతీసినది ఉప్పెన. 1789 డిసెంబరులో వచ్చిన తుఫానులో మూడు పెద్ద అలలు ఒకదాని వెనుక ఒకటి ఊరిమీదికి వచ్చాయని నాటి వృత్తాంతాలు చెపుతున్నవి. యాభై ఏండ్ల తరువాత, 1839 నవంబరు 25న, మరొక తుఫాను వచ్చింది. నలభై అడుగుల అల లేచినదనీ, మూడు లక్షలమంది చనిపోయారనీ, ఇరవై వేల ఓడలు పోయాయనీ పుస్తకాలలో వరసగా ఒకరిని చూచి ఒకరు వ్రాస్తూ వచ్చారు. నాకు ఈ అంకెల మీద నమ్మకం లేదు. ఒక చిన్న రేవు చుట్టుపక్కల అంతమంది జనం, అన్ని నావలు ఉండుట కష్టం. అంకె ఏదైనా, ఆ రాత్రితో కోరంగి మళ్ళీ లేవలేనంతగా దెబ్బతిన్నదనుటలో మాత్రం సందేహం లేదు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పవలె. "సైక్లోన్" అనే మాటను పుట్టించినవాడు హెన్రీ పిడింగ్టన్. ఆయన పూర్వాశ్రమంలో ఓడ నడిపినవాడు. తరువాత కలకత్తాలో ఓడ ప్రమాదాలను విచారించే న్యాయస్థానానికి అధ్యక్షుడైనాడు. తుఫానులో చిక్కిన ఓడల దినచర్య పుస్తకాలను ముందు పెట్టుకొని, ఏ గంటలో గాలి ఏ దిక్కునుంచి వీచినదో పటంమీద గుర్తించి, తుఫాను గాలి చుట్టచుట్టుకొన్న పామువలె తిరుగుతుందని చూపించాడు. పాము చుట్టను తెలిపే గ్రీకు మాటనుంచే సైక్లోన్ అనే పేరు తీశాడు. 1848లో వచ్చిన ఆయన గ్రంథంతో అది వాడుకలోనికి వచ్చింది. ఆయన పరిశీలించిన తుఫానులలో కోరంగివి కూడ ఉన్నవి.

ఈ పిడింగ్టనే 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగంగా ఒక లేఖ వ్రాశాడు. కలకత్తాకు దక్షిణాన మాత్లా నదిమీద కొత్త రేవు కట్టబోతున్నారనీ, అక్కడ మడఅడవులు నరికివేస్తే ఏదో ఒక రోజు తుఫాను అల వచ్చి దానిని ముంచివేస్తుందనీ హెచ్చరించాడు. ఎవరూ వినలేదు. రేవు కట్టారు, పోర్ట్ కానింగ్ అని పేరు పెట్టారు. 1867 నవంబరులో తుఫాను వచ్చి దానిని పాడుచేసింది. రేవు ఎక్కడ కట్టవలె అనే ప్రశ్నకు వాతావరణశాస్త్రం ఇచ్చిన మొదటి జవాబులలో ఇది ఒకటి. అది నిజమైనదని తెలుసుకొనుటకు పదునాలుగేండ్లు పట్టింది.

కోరంగిని రెండవసారి, నెమ్మదిగా, చంపినది ఒండ్రు. దీనిని తరగతిలోనే చూపించవచ్చు. వరదరోజులలో రెండు గాజు జాడీలనిండ మంజీర నీళ్ళు పట్టి, ఒకదానిలో పిడికెడు ఉప్పు వేసి కలిపి, రెండింటినీ కదల్చకుండ ఉంచండి. ఉప్పు వేసిన జాడీ ముందుగా తేరుకొంటుంది. నల్లరేగడి మన్నులోని సన్నని కణాలపై ఋణవిద్యుదావేశం ఉంటుంది. ఒకదానినొకటి నెట్టుకొంటూ అవి నీటిలో తేలుతూనే ఉంటవి. ఉప్పులోని ధనఅయానులు ఆ ఆవేశాన్ని అణచివేస్తే కణాలు ఒకదానికొకటి అంటుకొని ముద్దలవుతవి. ముద్ద పెద్దదైతే త్వరగా అడుగుకు చేరుతుంది. నది ఉప్పునీటిని తాకే చోట జరిగేదిదే. నదీముఖంలోనే మేట ఎందుకు పడుతుందో దీనివల్ల కొంత బోధపడుతుంది. నీటివేగం తగ్గుట మిగిలిన కారణం. కోరంగి పాయ ఇట్లా పూడిపోయింది. ఓడలు ఉత్తరంగా కాకినాడకు తరలినవి.

విశేషమేమంటే కోరంగిని పూడ్చిన గోదావరి ఒండ్రే కాకినాడను కాపాడుతున్నది. నదీముఖంనుంచి ఉత్తరంగా సాగిన ఇసుకతిన్నె రెండువందల ఏండ్ల కాలంలో పొడుగాటి ద్వీపమై, కాకినాడ ముందు అడ్డుగోడవలె నిలిచింది. దానిని హోప్ ద్వీపమంటారు. ఏ ఇంజనీరూ కట్టని అలకట్ట అది. మన మంజీర మన్ను కూడ దానిలో ఎంతో కొంత ఉండకపోదు.

బందరు

గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం ప్రపంచానికి తెలిసిన రేవు. డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను అక్కడ వర్తకశాలలు పెట్టుకొన్నారు. హైదరాబాదునుంచి బందరుకు సాగిన బాటమీద అద్దకపు బట్టలు పోయేవి. 1759లో ఇంగ్లీషువారు దానిని ఫ్రెంచివారినుంచి గెలుచుకొన్న తరువాత సలాబత్ జంగు ఆ ప్రాంతాన్ని వారికి ఇచ్చివేశాడు. దక్కనుకు సముద్రద్వారం ఆనాడే చేజారింది.

1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుఫానులో సముద్రం, పోటు ఎత్తుకంటె పదమూడు అడుగులు పైకి లేచి పట్టణాన్ని ముంచింది. కొన్ని చోట్ల నీరు పదిహేడు మైళ్ళు లోపలికి పోయింది. ముప్పైవేలమంది చనిపోయారు. బందరు రేవు ఆ దెబ్బనుంచి పూర్తిగా కోలుకొనలేదు. ఆ తీరంలోనే 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చి వేలమందిని పొట్టనపెట్టుకొన్నది. ఆ సంగతి మన ఇళ్ళలో పెద్దలు ఇప్పటికీ చెప్పుకొంటారు.

ఉప్పెన ఎందుకు వస్తుంది? తుఫాను నడుమ వాయుపీడనం తగ్గుతుంది గనుక సముద్రం పైకి లేస్తుందని పాఠ్యపుస్తకాలలో తరచు చూస్తాము. అది నిజమే గాని చాల చిన్న నిజం. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీటిమట్టం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. పెను తుఫానులో అరవై మిల్లీబార్లు తగ్గినదనుకొన్నా అరవై సెంటీమీటర్లే. పదమూడు అడుగులంటే నాలుగు మీటర్లు. మిగిలినదంతా గాలి నెట్టుకొచ్చి గట్టున పోగుచేసిన నీరు. తీరం దగ్గర సముద్రం లోతుగా ఉంటే ఆ నీరు అడుగునుంచి వెనుకకు జారిపోగలదు. లోతు లేకపోతే పోవుటకు దారి లేక పైకి లేస్తుంది. కృష్ణా గోదావరి నదులు వేల ఏండ్లుగా మన్ను పోసి సముద్రాన్ని నిస్సారం చేసిన చోటనే బందరు, కోరంగి ఉన్నవి. నదీముఖం సరుకు రవాణాకు ఎంత అనువో ఉప్పెనకు కూడ అంత అనువు.

విశాఖపట్నం

ఇరవైయవ శతాబ్దంలో కట్టిన రేవు నదీముఖంలో లేదు. దాని చరిత్ర ఈ కారణంచేతనే చదువదగినది. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజానికి దగ్గరి సముద్రద్వారం కావలెనని బెంగాల్ నాగపూర్ రైల్వేవారు పట్టుబట్టారు. 1922లో కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ పరిశీలించి విశాఖపట్నమే తగినదని నివేదించాడు. దక్షిణాన సముద్రంలోనికి చొచ్చుకొనివచ్చిన యారాడ కొండ, దాని కొస డాల్ఫిన్స్ నోస్, వెనుక ఒక చిన్న గెడ్డ పారే బురదనేల. ఆ బురదను తవ్వి లోపలి రేవు చేసి, కొండ పక్కగా సన్నని కాలువ తీస్తే ఓడలు పూర్తిగా గాలిచాటున నిలుస్తవి. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ జలదుర్గ మొదటగా లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా తెరిచాడు.

అన్నిటికంటె కష్టమైన సమస్య ఇసుక. నైరుతి ఋతుపవనకాలంలో అలలు తీరానికి ఏటవాలుగా తగులుతవి. ప్రతి అల కొంత ఇసుకను వాలుగా పైకి నెట్టి, తిన్నగా వెనుకకు లాగుతుంది. ఇట్లా రంపపు పళ్ళవలె మెలికలు తిరుగుతూ ఇసుక ఏడాదిలో ఎక్కువకాలం దక్షిణంనుంచి ఉత్తరానికి ప్రయాణం చేస్తుంది. అడ్డుగా గోడ కడితే దక్షిణపు పక్క మేట పడుతుంది, ఉత్తరపు పక్క కోసుకొనిపోతుంది. మద్రాసులో ఇది చక్కగా అగుపిస్తుంది: రేవు కట్టిన తరువాత దక్షిణాన మెరీనా ఇసుకబయలు పెరిగింది, ఉత్తరాన రాయపురం కోతకు గురి అయింది.

విశాఖ ఇంజనీర్లు జానస్, వెల్లెస్డన్ అనే రెండు పాత ఓడలను కాలువ ముఖానికి దక్షిణాన ముంచివేసి వాటిచుట్టూ రాళ్ళు పోసి అలకట్ట చేశారు. దాని చాటున అలలు శాంతించి ఇసుక ఒకేచోట దిగుతుంది. దిగిన ఇసుకను తవ్వోడతో తోడి ఉత్తరానికి పంపవచ్చు. ఇసుకను ఆపుటకు ప్రయత్నించక, దిగవలసిన చోటును తామే నిర్ణయించుట వారి తెలివి. ఆ తోడే పని ఆనాటినుంచి నేటిదాకా ఆగలేదు. ఈనాడు కూడ అట్లా తోడిన ఇసుకను పట్టణపు బీచికి పోస్తుంటారు. పోయకపోతే అలలు రోడ్డును తినివేస్తవి.

మొదట మూడు బెర్తులతో, ఏటికి లక్షా ముప్పైవేల టన్నుల సరుకుతో ప్రారంభమైన ఆ రేవు 2023-24లో ఎనిమిది కోట్ల టన్నులు దాటింది. బైలదిల్లా ఇనుపఖనిజం జపానుకు పోవుటకై 1960లలో కిరండూల్‌నుంచి రైలుమార్గం వేశారు. పెద్ద ఓడలకోసం 1970లలో బయటి రేవు కట్టారు. తరువాత దిగుమతి బొగ్గు పెరిగింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖపట్నం మీదనే తీరం దాటింది. గాలివేగం గంటకు 180 కిలోమీటర్ల ప్రాంతం. విమానాశ్రయపు కప్పు ఎగిరిపోయింది. చెట్లూ, స్తంభాలూ కూలి ఊరు రోజుల తరబడి చీకటిలో ఉన్నది. కాని ఉప్పెన మాత్రం రేవులోని పోటుమాపకంలో 1.4 మీటర్లే నమోదయింది. తుఫాను నడిమి పీడనం సుమారు 950 మిల్లీబార్లు. మామూలుకంటె అరవై తక్కువ. కనుక అరవై సెంటీమీటర్లు పీడనానివి, మిగిలిన ఎనభై గాలివి. ఇదే తుఫాను బందరు తీరాన్ని తాకి ఉంటే ఏమయ్యేదో విద్యార్థులు పై లెక్కతో ఊహించవచ్చు. విశాఖ దగ్గర సముద్రం త్వరగా లోతెక్కుతుంది. 1922లో ఎంచుకొన్న చోటు 2014లో జనాన్ని కాపాడిందని నా అభిప్రాయం.

అయితే గాలినుంచి ఆ చోటు కాపాడలేదు. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు రేవులో సూచికలు ఎగురవేస్తారు; మొత్తం పదకొండు. పదవది రేవుమీదనే లేక దాని సమీపంలోనే తుఫాను దాటబోతున్నదని తెలుపుతుంది. పదకొండవది చిత్రమైనది: హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయినవని దాని అర్థం. పెద్ద సూచికలు పడినప్పుడు ఓడలను గట్టుకు కట్టి ఉంచకుండ నడిసముద్రంలోనికి పంపుట రివాజు. గట్టున కట్టిన ఓడ గట్టునే బద్దలు కొడుతుంది. 2020 అక్టోబరులో పేరుగల తుఫాను కూడ కాదు, వాయుగుండమే. ఆ గాలికి లంగరు పట్టు తప్పిన బంగ్లాదేశ్ ఓడ "మా" కొట్టుకొనివచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళమీదికి ఎక్కి కూర్చున్నది. దానిని చూచుటకు జనం తిరునాళ్ళకు వచ్చినట్లు వచ్చారు.

పొగ సంగతి

ఇక మూడవది. రేవునుంచి లేచే వాటిలో కంటికి కనబడేది బొగ్గుపొడి, కనబడనిది బొగ్గుపులుసు వాయువు. ఈ రెండింటినీ కలగాపులగం చేయుట మనలో చాలమందికి అలవాటు. వాటి మందులు వేరు.

పొడి విషయంలో ఇందాకటి జాడీయే గురువు. నీటిలో మన్ను దిగే వేగం, గాలిలో బొగ్గురేణువు దిగే వేగం ఒకే సూత్రానికి లోబడుతవి. దానిని స్టోక్సు సూత్రమంటారు. రేణువు వ్యాసం సగమైతే దిగే వేగం నాలుగవవంతు అవుతుంది. పది మైక్రాన్ల బొగ్గురేణువు నిశ్చలమైన గాలిలో సెకనుకు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే దిగుతుంది. పది మీటర్ల ఎత్తున్న గుట్టమీదనుంచి లేచినదనుకొంటే నేలకు చేరుటకు నలభై నిమిషాలు. అంతలో సెకనుకు అయిదు మీటర్ల సముద్రపుగాలి దానిని పన్నెండు కిలోమీటర్లు లోపలికి మోసుకొనిపోతుంది. రేవుపక్క పాత పట్టణంవారు ఏండ్లుగా మొరపెట్టుకొంటున్నది ఈ పొడిని గురించే. గుట్టలమీద నీళ్ళు చల్లుట, మూసిన పట్టాలపై బొగ్గును నడుపుట, కప్పుకింద నిల్వచేయుట దీనికి విరుగుడు. నీళ్ళు చల్లితే రేణువులు అంటుకొని పెద్దవవుతవి. ఉప్పు వేసిన జాడీలో మన్నువలెనే.

గంధకం కథ మరొకటి. ఓడలు కాల్చే నూనె శుద్ధి కర్మాగారాల అడుగున మిగిలే చిక్కని తారువంటిది. దానిలో గంధకం నూటికి మూడున్నర పాళ్ళదాకా ఉండుటకు అనుమతి ఉండేది. అంతర్జాతీయ నౌకాసంస్థ 2020 జనవరి 1నుంచి దానిని అరపాలుకు తగ్గించింది. వంద టన్నుల నూనె కాలిస్తే ఇదివరకు ఏడు టన్నుల దాకా వచ్చే గంధక వాయువు ఇప్పుడు ఒక టన్నుకు మించదు. ఒక్క నిబంధనతో ఇంత మార్పు వచ్చుట అరుదు.

బొగ్గుపులుసు వాయువు అంత సులభంగా లొంగదు. గంధకం నూనెలోని మలినం, తీసివేయవచ్చు. కర్బనం మలినం కాదు, అదే ఇంధనం. ప్రపంచంలో మానవులు విడిచే ఈ జాతి వాయువులలో నూటికి మూడు పాళ్ళు ఓడలవి. రేవులో కట్టి ఉన్నప్పుడు కూడ ఓడ నిద్రపోదు. దీపాలు, పంపులు, చల్లబరచే యంత్రాలు నడుచుటకు దాని సహాయక ఇంజనులు తిరుగుతూనే ఉంటవి. వాటిని ఆపి గట్టునుంచే విద్యుత్తు ఇస్తే సరిపోతుంది గదా అన్న ఆలోచనతో స్వీడనులోని గోథెన్‌బర్గు రేవు 2000లో సరుకు ఓడలకు గట్టుకరెంటు ఇచ్చింది. ఇప్పుడు మన రేవులు కూడ ఆ దారి పడుతున్నవి.

మా తరగతిలో ఈ లెక్క వేయించాను. ఒక ఓడ గంటకు వేయి యూనిట్లు వాడుతున్నదనుకొందాము. యూనిట్టుకు 200 గ్రాముల చొప్పున గంటకు 200 కిలోల నూనె. నూనెలో కర్బనం నూటికి 87 పాళ్ళు. పన్నెండు గ్రాముల కర్బనం కాలితే 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వస్తుంది గనుక కిలో నూనెకు 3.2 కిలోలు, గంటకు 640 కిలోలు. ఇప్పుడు గట్టునుంచి ఇద్దాము. మన దేశపు విద్యుత్తులో ఎక్కువభాగం బొగ్గునుంచే వస్తున్నది. సగటున యూనిట్టుకు సుమారు 0.7 కిలో వాయువు. వేయి యూనిట్లకు 700 కిలోలు.

పిల్లలు రెండుసార్లు లెక్క సరిచూసుకొన్నారు. లెక్క సరిగానే ఉన్నది. గట్టుకరెంటువల్ల రేవులో పొగ తగ్గింది, పాత పట్టణంవారి ఊపిరి తేలికపడింది. కాని ఆ పొగ మరొకచోట మరొక పొగగొట్టం ఎక్కింది. భూగోళం దృష్టిలో ఏమీ మారలేదు, కొంచెం చెడ్డదే అయింది. గట్టుకరెంటుకు అర్థం ఉండవలెనంటే ఆ కరెంటు ఎండనుంచో గాలినుంచో రావలె. విశాఖ రేవువారు పది మెగావాట్ల సూర్యవిద్యుత్ కేంద్రాన్ని నిర్మించుకొన్నారు. మన ఎండకు అది ఏడాదికి కోటిన్నర యూనిట్ల ప్రాంతం ఇస్తుంది. 2023లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన హరిత్ సాగర్ మార్గదర్శకాలలో టన్ను సరుకుకు విడిచే కర్బనాన్ని 2030 నాటికి నూటికి 30 పాళ్ళు, 2047 నాటికి 70 పాళ్ళు తగ్గించవలెనని లక్ష్యం పెట్టారు. "టన్ను సరుకుకు" అన్న మాటను ఉపాధ్యాయులు గమనింతురుగాక. టన్నుకు 30 పాళ్ళు తగ్గి సరుకు రెట్టింపైతే మొత్తం పెరుగుతుంది.

సూర్యవిద్యుత్తుకు పగలే గాని రాత్రి లేదు; ఓడకు రెండూ ఒకటే. నిజాంసాగర్ జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం కూడ సరిగా పది మెగావాట్లే. అది రాత్రి కూడ ఇయ్యగలదు గాని జలాశయంలో నీరున్నప్పుడు మాత్రమే. ఏ విద్యుత్తుకు ఆ విద్యుత్తు లోపం ఉన్నది.

నడిసముద్రంలో గట్టుకరెంటు లేదు. అక్కడ ఇంధనమే మారవలె. 2023లో లారా మెర్స్క్ అనే సరుకు ఓడ మిథనాలుతో నడుచుట మొదలుపెట్టింది. మిథనాలులో కూడ కర్బనం ఉన్నది, కాలితే అదే వాయువు వస్తుంది. తేడా ఆ కర్బనం ఎక్కడిదన్న దానిలో ఉన్నది. బోధన్‌వారికి దీనిని విడమర్చి చెప్పనక్కరలేదు. చెరకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసికొని పెరుగుతుంది. పిప్పిని బాయిలరులో కాలిస్తే ఆ వాయువే తిరిగి గాలిలోనికి పోతుంది. భూమి పొరలలో కోట్ల ఏండ్లుగా ఉన్నదానిని పైకి తెచ్చినట్లు కాదు. శక్కర్‌నగర్‌లో 1930ల చివర మొదలైన నిజాం చక్కెర కర్మాగారం ఒకనాడు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటి. చెరకు పిప్పినే పొయ్యిలో వేసుకొని, మొలాసిస్‌నుంచి ఆల్కహాలు కూడ తీసేవారు. 2015 డిసెంబరులో అది మూతపడింది. ఇటువంటి పిప్పినుంచి మిథనాలు తీయవచ్చును. కాని కిలో మిథనాలులో నూనెలో సగం ఉష్ణమే ఉంటుంది గనుక ఓడ రెండింతల బరువు మోయవలె. పైగా ప్రపంచపు ఓడలన్నిటికీ చాలినంత పిప్పి, గడ్డి, కట్టె ఎక్కడా లేదు. ఈ మాట చెప్పకుండ మిథనాలును పొగిడే వ్యాసాలు నాకు నచ్చవు.

మళ్ళీ మన్ను

పొగ మొదటి రెండింటి లెక్కను మారుస్తున్నదని పైన అన్నాను. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు పాళ్ళు ఎక్కువ ఆవిరిని పట్టుకొనగలదు. తుఫాను వాన అంత పెరుగుతుంది. తుఫానుల సంఖ్య పెరుగుతుందని శాస్త్రజ్ఞులు చెప్పుట లేదు. వచ్చినవాటిలో బలమైనవాటి పాలు పెరుగుతుందంటున్నారు. సముద్రమట్టం 1900నుంచి సుమారు ఇరవై సెంటీమీటర్లు లేచింది. ఇప్పుడు ఏటా నాలుగు మిల్లీమీటర్ల దగ్గర లేస్తున్నది, వేగం హెచ్చుతున్నది. ఇరవై సెంటీమీటర్లంటే జానెడే. కాని ప్రతి ఉప్పెనా ఆ జానెడు పైనుంచి మొదలవుతుంది.

డెల్టా తీరంలో దీనికి మరొకటి తోడైనది. డెల్టా నేల తన బరువుకు తానే నెమ్మదిగా కుంగుతుంటుంది. ఏటా వరద తెచ్చే కొత్త ఒండ్రే దానికి బదులు. ఆ ఒండ్రు తగ్గిపోయింది. గోదావరి డెల్టాకు 1970లలో ఏటా సుమారు పదిహేను కోట్ల టన్నుల ఒండ్రు చేరుతుండగా 1990లకు అది ఆరు కోట్ల టన్నులకు లోపు పడిపోయింది. మిగిలినది ఎక్కడ ఉన్నది?

కొంత మన దగ్గరే ఉన్నది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఆధ్వర్యంలో 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మొదటి సామర్థ్యం 29.7 శతకోటి ఘనపుటడుగులు. నలభై ఏండ్ల చిల్లరలో పూడిక పడి 11.8కి దిగింది. అంటే యాభై కోట్ల ఘనపు మీటర్ల మన్ను. 1978లో నీటిమట్టం ఎత్తుచేసి 17.8కి తెచ్చారు. కందకుర్తి దిగువన ఉన్న శ్రీరాంసాగర్ కూడ 112నుంచి 90కి దిగినదని తరువాతి సర్వేలలో తేలింది. మన పొలాలకు నీరు కావలె, నీటికి ఆనకట్ట కావలె. ఆనకట్ట నీటిని మాత్రమే ఆపి మన్నును వదలమంటే వదలదు.

కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ అనే మత్స్యకారుల, నేతగాండ్ర ఊరున్నది. అక్కడ సముద్రం ఇండ్లను, రోడ్డును ఏటేటా తింటున్నది. కాకినాడ రేవుగోడలు, హోప్ ద్వీపం ఇసుక నడకను మళ్ళించుట ఒక కారణం, తగ్గిన ఒండ్రు మరొకటి, లేస్తున్న సముద్రం ఇంకొకటి. దేని వాటా ఎంత అని తెగ్గొట్టి విడదీయుట తేలిక కాదు. ఇసుక నింపిన పెద్ద గుడ్డగొట్టాలను తీరం పొడుగునా పరిచారు. అలలు వాటిని కూడ చీల్చివేసినవి. తరువాత రాళ్ళు పోశారు. కందకుర్తిలో ప్రశ్న అడిగిన పిల్లవాడు ఇది విని, "అయితే సార్, మనం కాల్వ నీళ్ళు వాడుకున్నప్పుడల్లా వాళ్ళ మన్ను కూడ ఆపుకున్నట్టేనా?" అన్నాడు. అవునన్నాను. అతని జాడీ ఇప్పుడు మా ప్రయోగశాల కిటికీలో ఉన్నది. లీటరు నీటికి ఎంత మన్నో తూచి, ఏడాది పొడుగునా నెలకొకసారి వ్రాసుకొంటున్నాడు.